నైరోబీలో కొత్త సంఘం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆఫ్రికా నగరాల్లో సువార్త పరిచర్య గురించి ప్రశ్నలు పంపమని అడిగితే వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కెన్యా గురించే ఉన్నాయి. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం కెన్యా రాజధాని నైరోబీకే ఇచ్చాం. రువాండా రాజధాని కిగాలీ ప్రస్తావన ఒక్కచోట వస్తుంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేర్లు వేయలేదు, ఊళ్ళు మాత్రం వేశాం.

ప్రశ్న: కెన్యాలో నూటికి 85 మంది క్రైస్తవులేనని చదివాను. అలాంటి దేశంలో సంఘ స్థాపనకు మనం సాయం చేయడం దేనికి? ఇక్కడే బోలెడు పని ఉంది కదా!
ఒక సంఘ పెద్ద, గుంటూరు

మీరు చెప్పిన లెక్క సరైనదే, 2019 జనాభా గణనలో తేలింది అదే. అయితే అదే గణనలో ఇంకో వరుస కూడా చూడండి. నైరోబీ నగరం పదేళ్ళలో 31 లక్షల నుంచి 44 లక్షలకు పెరిగింది. పక్కనున్న కియాంబు కౌంటీ 16 లక్షల నుంచి 24 లక్షలకు, దక్షిణాన కజియాడో కౌంటీ 7 లక్షల లోపు నుంచి 11 లక్షలకు చేరాయి. అంటే జనం వచ్చి పడుతున్నది ఊరి నడిబొడ్డున కాదు, చుట్టూ ఉన్న రుయిరు, జుజా, కిటెంగెలా, ఓంగాటా రోంగై లాంటి చోట్ల.

కాకమెగా నుంచో మచాకోస్ నుంచో వచ్చి అక్కడ అద్దెకు దిగిన కుర్రాడికి సొంతూళ్ళో సంఘం ఉంటుంది. సభ్యత్వం అక్కడే, పెళ్ళి అక్కడే, సమాధి కూడా అక్కడే. డిసెంబరులో ఊరెళ్ళినప్పుడు అమ్మతో కలిసి మందిరానికి వెళ్తాడు. మిగతా 11 నెలలూ ఆదివారమంటే బట్టలుతుక్కుని పడుకునే రోజు. మీది ఏ సంఘమని అడిగితే ‘ఆంగ్లికన్’ అంటాడు, అది అబద్ధమూ కాదు. 85 శాతంలో అతనూ ఉన్నాడు. కూకట్‌పల్లి హాస్టళ్ళలో ఉండే మన పిల్లలను ఎరిగినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు.

మరి అక్కడ మందిరాలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. మతారే, ముకురు లాంటి మురికివాడల్లో ఒక్క సందులోనే మూడు నాలుగు రేకుల మందిరాలు కనబడతాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. కొత్త సంఘానికి మొదటి మూడు నెలల్లో 60 మంది వచ్చారంటే, అందులో ఎక్కువమంది పక్క సందులోని మందిరం నుంచి లేచి వచ్చినవాళ్ళే కావచ్చు. దాన్ని సంఘ స్థాపన అనలేం, బదిలీ అనాలి. అందుకే మొదటి ఆదివారం నుంచే హాజరు పుస్తకంలో ఒక గడి పెట్టించండి: ‘పోయిన ఏడాది ఆదివారాలు ఎక్కడికి వెళ్ళేవారు?’ ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే ‘ఎక్కడికీ లేదు’ అన్నవాళ్ళు మూడోవంతు కూడా లేకపోతే ఆ పేటకు ఇంకో సంఘం అక్కర్లేదన్నది మా అభిప్రాయం.

ఇంకో మాట. ఈ పని అక్కడివాళ్ళు మనకంటే బాగా చేస్తున్నారు. నైరోబీ చాపెల్ అనే సంఘం 1989 నాటికి పట్టుమని పాతిక మంది లేని స్థితికి వచ్చింది. ఆస్కార్ మురియు అనే కెన్యా పాస్టర్ గారు దాన్ని చేతిలోకి తీసుకుని, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయం విద్యార్థులను చేరదీసి నిలబెట్టారు. తర్వాత దాన్నుంచి ఎన్నో సంఘాలు పుట్టాయి. 2005లో మొదలైన మవునో వాటిలో ఒకటి. మన సాయం ఉంటే ఇలాంటివాళ్ళ వెనక ఉండాలి, ముందు కాదు.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో పరిచయమైన నైరోబీ పాస్టర్ ఒకరు ఏడాదిలో 12 సంఘాలు స్థాపించానని ఫొటోలు పంపుతున్నారు. ఈ మధ్య అనాథ పిల్లల ఫొటోలు కూడా వస్తున్నాయి. మా స్త్రీల సమాజం నెలనెలా కొంత పంపుదామనుకుంటోంది. ఎలా నమ్మాలి?
ఒక సోదరి, కాకినాడ

అమ్మా, నమ్మకం కుదిరేదాకా డబ్బు పంపకండి. ఒకే బ్యానరు, అవే పిల్లలు, ఊరి పేరు మాత్రం వేరు. ఈ విద్య మన కోస్తా జిల్లాలకు కొత్తది కాదు కదా, కాబట్టి పట్టుకోవడం కూడా మనకు చేతనవ్వాలి.

ముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. కెన్యాలో సంఘాలను నమోదు చేసేది రిజిస్ట్రార్ ఆఫ్ సొసైటీస్. సొంతంగా నమోదు కాకపోతే ఫలానా డినామినేషన్ కింద ఉన్నామని చెబుతారు. తప్పేమీ లేదు, చాలా మంచి సంఘాలు అలాగే ఉన్నాయి. అయితే ఆ డినామినేషన్ ప్రధాన కార్యాలయానికి మీరే ఫోన్ చేయాలి. ఆయన ఇచ్చిన నంబరుకు కాదు, మీరు వేరేగా వెతికి పట్టుకున్న నంబరుకు.

తర్వాత ఎం-పెసా. మనకు ఫోన్‌పే ఎలాగో వాళ్ళకు అదలాగ, 2007 నుంచీ ఉంది. సంఘానికి సొంత పేబిల్ నంబరు (సంస్థలు డబ్బు కట్టించుకునే నంబరు) ఉంటే డబ్బు సంఘం పేరున జమవుతుంది. ఆయన తన సెల్ నంబరుకే పంపమంటే అది ఆయన జేబు. ఎవరి పేరున ఉందో తెలియాలంటే నైరోబీలో తెలిసినవాళ్ళెవరినైనా ఆ నంబరుకు 10 షిల్లింగులు పంపమనండి. అవతలివారి పేరు మెసేజ్‌లో వస్తుంది.

మూడోది, ఆదివారం వీడియో కాల్. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం ఒంటిగంట అయితే అక్కడ పదిన్నర, ఆరాధన మధ్యలో ఉంటారు. ముందుగా చెప్పకుండా చేయండి. ఎవరైనా ఎత్తితే ‘ఒక్కసారి బయటికి వచ్చి వీధి చూపించండి, పక్క కొట్టు బోర్డు చూపించండి’ అనండి. ఉన్న సంఘమైతే చిన్నపిల్లాడైనా ఫోన్ పట్టుకుని వీధంతా తిప్పి చూపిస్తాడు. నెట్‌వర్క్ బాగాలేదన్న మాట వరసగా నాలుగు ఆదివారాలు వినబడితే అర్థం చేసుకోండి.

పన్నెండు సంఘాలన్నారు కదా, 12 మంది నాయకుల పేర్లు, వాళ్ళు ఏ పేటలో కాపురముంటున్నారో అడగండి. నగరంలో ఒక మనిషి ఏడాదిలో 12 సంఘాలు నిలబెట్టలేడు. పన్నెండు ఇళ్ళలో ప్రార్థన పెట్టగలడు. అదీ మంచి పనే, కానీ దాని పేరు వేరు.

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. కెన్యా ప్రభుత్వం 2017 నుంచి కొత్త అనాథాశ్రమాల నమోదు ఆపేసింది. 2022 నాటి బాలల చట్టం కూడా పిల్లలను ఆశ్రమాల్లో కాకుండా బంధువుల ఇళ్ళలో, కుటుంబాల్లో పెంచాలనే చెబుతోంది. అనుమతి పత్రం చూపించలేని ఆశ్రమానికి ఒక్క రూపాయి కూడా వద్దు. పిల్లల చదువుకే సాయం చేయాలనుంటే ఫీజు నేరుగా బడి బ్యాంకు ఖాతాకు కట్టి, రసీదు తెప్పించుకోండి.

చివరగా మన వైపు చట్టం. దేశం బయటికి డబ్బు పంపే సరళీకృత పథకం వ్యక్తులకే వర్తిస్తుంది, ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు. ట్రస్టులకు, సొసైటీలకు ఆ వీలు లేదు. పైగా ట్రస్టు సొమ్ము విదేశంలో ఖర్చయితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ముందస్తు ఆమోదం లేనిదే ఆ మేరకు పన్ను మినహాయింపు పోతుంది. సమాజం పేరున వసూలు చేసి కార్యదర్శి సొంత ఖాతా నుంచి పంపితే రేపు లెక్క ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. ఆడిటర్ గారిని అడగకుండా మొదలుపెట్టకండి.

ప్రశ్న: బైబిల్ కాలేజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో మూడు వారాలు నైరోబీ వచ్చి వాక్యం చెప్పమని ఆహ్వానం వచ్చింది. ఏం సిద్ధం చేసుకోవాలి?
ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

తమ్ముడూ, ముందు టీకా సంగతి. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ పత్రం చెల్లదు, కాబట్టి ప్రయాణానికి నెల ముందే చూసుకో. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

2024 జనవరి నుంచి కెన్యా పాత వీసా తీసేసి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది. అది చూడడానికి వచ్చేవాళ్ళ కోసం. అక్కడ పరిచర్య చేయడానికైతే నిన్ను పిలిచిన సంఘం ఇమిగ్రేషన్ శాఖ నుంచి స్పెషల్ పాస్ తీసుకోవాలి. ఎక్కువ కాలం ఉండి పనిచేసేవాళ్ళకు ‘ఐ’ తరగతి పర్మిట్ ఉంటుంది. నమోదైన సంఘమే వీటికి దరఖాస్తు పెట్టగలదు. ‘ఏం కాదు బ్రదర్, టూరిస్టుగా వచ్చేయండి’ అని పిలిచినవాళ్ళే అంటే ఆ సంఘానికి కాగితాలు ఉన్నాయో లేదో ఓసారి ఆలోచించు.

స్వెట్టర్ పెట్టుకో. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది, జూలైలో మన అరకు చలి. మలేరియా నగరంలో తక్కువే, కిసుము వైపో మొంబాసా వైపో తీసుకెళ్తామంటే మాత్రం డాక్టరును అడిగి మాత్రలు తీసుకెళ్ళు.

వాక్యం విషయానికొస్తే, నువ్వు తెలుగులో చెప్పి ఒకరు ఇంగ్లిష్‌లోకి, ఆయన దగ్గర్నుంచి ఇంకొకరు స్వాహిలిలోకి తర్జుమా చేస్తే 30 నిమిషాల ప్రసంగంలో నీకు మిగిలేది 10 నిమిషాలే. మన సామెతలు రెండో మనిషి దగ్గరే ఆవిరైపోతాయి. ఇంగ్లిష్‌లోనే చిన్న వాక్యాల్లో చెప్పడం సాధన చెయ్యి. మూడు వారాల్లో మూడు ప్రసంగాలు చాలు. మిగతా రోజులు అక్కడి పాస్టర్ గారి వెంట ఇళ్ళకు తిరుగు.

ప్రశ్న: నేను నైరోబీలో ఉద్యోగం చేస్తూ ఇక్కడి కెన్యా సంఘంలోనే సభ్యుడిగా ఉన్నాను. మా సంఘం రుయిరులో ఒక శాఖ మొదలుపెట్టింది. 40 మందిమి ఇంట్లో పట్టడం లేదు. బడి గది తీసుకోవాలా, రేకుల షెడ్డు వేయాలా? ఇప్పటికే సౌండు మీద ఇరుగుపొరుగు గొడవ మొదలైంది.
ఒక తెలుగు ఇంజనీరు, నైరోబీ

మీ దగ్గరి నుంచి వచ్చిన ప్రశ్న కాబట్టి కొలతలతో సహా చెబుతాం.

40 నుంచి 80 మంది వరకు బడి గదే మేలు. అద్దె ఆదివారానికే, కుర్చీలు కొనక్కర్లేదు. అయితే మూడు చిక్కులున్నాయి. బల్లలు చిన్నపిల్లలవి, ముసలివాళ్ళు గంటకు మించి కూర్చోలేరు, వాళ్ళ వరకైనా ఓ 15 ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకు తెచ్చుకోండి. రెండోది, హెడ్‌మాస్టర్ నోటిమాట మీద నడిస్తే ఆయన బదిలీ అయిన నాడు మీరు వీధిలో ఉంటారు, కాబట్టి బడి యాజమాన్య బోర్డు సంతకంతో కాగితం తీసుకోండి. మూడోది చాలామంది మరిచిపోయేది. అక్టోబరు, నవంబరుల్లో బోర్డు పరీక్షలు జరుగుతాయి, బయటివాళ్ళను బడిలోకి రానివ్వరు. ఆ ఆరేడు వారాలకు ఇంకో చోటు ఆగస్టులోనే చూసి పెట్టుకోవాలి. సంఘం చెదిరిపోయేది సాధారణంగా ఆ వారాల్లోనే. ‘ఈ ఆదివారం ఎక్కడ?’ అని రెండుసార్లు అడిగిన మనిషి మూడోసారి అడగడు.

వంద దాటాక రేకుల షెడ్డు. అక్కడివాళ్ళు రేకులను మబాటి అంటారు. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు వేస్తే 1,200 చదరపు అడుగులు. వేదికకు, నడవలకు 350 తీసేస్తే మిగిలిన దాంట్లో మనిషికి 7 చదరపు అడుగుల చొప్పున 120 కుర్చీలు పడతాయి. మధ్యలో 7 అడుగుల ఎత్తు లేచే రెండు వాలుల కప్పు అనుకుంటే, ఒక్కో వాలు చూరుతో కలిపి పదిహేడున్నర అడుగులు. అంటే 10 అడుగుల రేకు ఒకటి, 8 అడుగుల రేకు ఒకటి, అరడుగు ఒకదానిమీదొకటి. అతుకులు పోగా ఒక్కో రేకు రెండున్నర అడుగుల వెడల్పు కప్పుతుంది కాబట్టి వాలుకు 17 వరుసలు. మొత్తం 10 అడుగులవి 34, 8 అడుగులవి 34. గోడలకు 8 అడుగులవి 56, రెండు పక్కల త్రికోణాలకు ఇంకో 12, తరుగుకు ఓ ఆరు.

గేజ్ అంకె చూసి మోసపోకండి. అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. కొట్లో ముందు చూపించేది 30 గేజ్, కప్పుకు 28 అడగండి. గోడలకు 30 చాలు. మేకును ఉంగరాల రేకు గుట్ట మీద కొట్టాలి, లోయలో కాదు. లోయలో కొడితే నీళ్ళు పారేదే అక్కడ కాబట్టి మొదటి వానకే కారుతుంది. మేకు కింద రబ్బరు వాషర్ ఉందో లేదో మీరే నిచ్చెనెక్కి చూడండి. స్తంభాలను 2 అడుగులు భూమిలోకి దించే ముందు, పాతిపెట్టే భాగానికి పాత ఇంజిన్ ఆయిల్ పట్టిస్తే చెద త్వరగా పట్టదు. గోడ పైఅంచుకు, కప్పుకు మధ్య అడుగు ఖాళీ వదిలి జాలీ కొట్టండి, లేకపోతే 11 గంటలకల్లా లోపల ఆవిరి పొయ్యి. తలుపులు రెండు, రెండూ బయటికి తెరుచుకోవాలి. కరెంటు కోసం పక్కింటి నుంచి దొంగ తీగ లాగే అలవాటు ఆ పేటల్లో ఉంది. దాంతోనే అగ్నిప్రమాదాలు, వద్దు.

మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చిన్న వానలు. రేకు మీద వాన పడితే ప్రసంగం వినబడదు. మైకు పెంచి పోటీ పడేవాళ్ళున్నారు. వాన ఎప్పుడూ గెలుస్తుంది. ప్రసంగం ఆపి, ఇద్దరిద్దరుగా ప్రార్థించుకోమని చెప్పడం తేలిక.

ఇక సౌండు. కెన్యా 2009 నిబంధనల ప్రకారం ఇళ్ళూ దుకాణాలూ కలిసిన ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 35. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకే. మామూలు మాటలే దాదాపు 60 ఉంటాయి, కాబట్టి ఇది ఎంత తక్కువో ఊహించండి. లెక్క ఇలా చూసుకోండి: దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకరు ముందు మీటరు దూరంలో 100 ఉంటే 32 మీటర్ల దూరంలో ఇంకా 70. మధ్యలో ఉన్నది పలచని రేకు గోడ, అది ఆపేది కొంచెమే. కాబట్టి వేదిక మీద రెండు పెద్ద స్పీకర్లు పెట్టి వెనక వరుస దాకా అరిపించడం మానండి. గోడల వెంట నాలుగు చిన్న స్పీకర్లు, జనం వైపు వంచి, తక్కువ సౌండులో పెట్టండి. బాస్ స్పీకర్ తీసేయండి, రేకుల్లోంచి బయటికి పోయేది అదే. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని ఆరాధన జరుగుతుండగా పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి చూడండి.

కేషా అనే రాత్రంతా ప్రార్థన అక్కడ శుక్రవారాల్లో మామూలు. రాత్రి హద్దు 35 అన్నప్పుడు మైకు మాటే లేదు. మైకు లేకుండా ఇళ్ళలో చేసుకోండి, లేదా ఏడున్నరకు ముగించండి. ఆడవాళ్ళు చీకటి పడ్డాక మటాటు అనే అద్దె వ్యాను ఎక్కి ఒంటరిగా దిగడం ఎలాగూ మంచిది కాదు.

ప్రశ్న: కిటెంగెలాలో 50 × 100 అడుగుల ప్లాటు చవగ్గా వస్తోందట. మా ట్రస్టు పేరున కొని మందిరం కట్టిద్దామా?
ఒక ట్రస్టు కార్యదర్శి, విజయవాడ

మీ ట్రస్టు పేరున వద్దు. కెన్యా 2010 రాజ్యాంగం ప్రకారం విదేశీయులకు భూమి మీద సొంత హక్కు ఉండదు, 99 ఏళ్ళకు మించని లీజు మాత్రమే. ఒక సంస్థను కెన్యాదిగా లెక్కించాలంటే అది పూర్తిగా అక్కడి పౌరులదై ఉండాలి. స్థానిక సంఘం ధర్మకర్తల పేరున కొనడమే దారి. అది మీకు ఇష్టం లేకపోతే అసలు కొనకండి.

ఆ 50 × 100 మన లెక్కలో 555 గజాలు. అక్కడ దాన్ని ఎకరంలో ఎనిమిదో వంతు అని అమ్ముతారు, నిజానికి కొంచెం తక్కువ. చవక ఎందుకో కనుక్కోండి. అమ్మేవాడి చేతిలో ఏముంది? టైటిల్ డీడ్ అయితే భూశాఖలో అధికారిక సెర్చ్ చేయించవచ్చు. నైరోబీ నగరంలోని భూములకు 2021లో వచ్చిన అర్ధిసాసా అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. అలాట్‌మెంట్ లెటర్ మాత్రమే చూపిస్తే అది హక్కు పత్రం కాదు. భూములు కొనే కంపెనీల షేర్ సర్టిఫికెట్ అయితే ఇంకా కష్టం. ఆ వాటా ఏ ప్లాటుదో తేలడానికే ఏళ్ళు పడుతుంది, ఒకే వాటాను ఇద్దరికి అమ్మిన సందర్భాలుంటాయి.

నేల మీదికి వెళ్ళి చూడాల్సినవి మూడు: పైన హైటెన్షన్ తీగలు, పక్కన రోడ్డు విస్తరణ రాళ్ళు, వెనక వాగు. 2024 ఏప్రిల్, మే వరదల తర్వాత నైరోబీ నదులకు 30 మీటర్ల లోపు ఉన్న కట్టడాలను ఖాళీ చేయమని ప్రభుత్వం ఆదేశించి మతారేలో, ముకురులో కూల్చివేతలు మొదలుపెట్టింది. బుల్డోజరుకు మందిరమని తేడా ఉండదు.

ప్రశ్న: ఆఫ్రికాలో ప్రభుత్వాలు చర్చిలను మూసేస్తున్నాయని వింటున్నాం. ఇది హింసేనా?
ఒక పాస్టర్, హైదరాబాద్

ఆ మాట వాడే ముందు రువాండా సంగతి పూర్తిగా చూడాలి. 2018 మొదట్లో ఒక్క కిగాలీలోనే 700కు పైగా చర్చిలు మూశారు. ఆ ఏడాదే వచ్చిన చట్టం సంఘ నాయకులకు వేదాంత డిగ్రీ ఉండాలని చెప్పి, ఐదేళ్ళు గడువిచ్చింది. 2024లో దేశమంతా తనిఖీలు చేసి 5,000కు పైగా మూయించారు. చూపిన కారణాలు పిడుగుపాటు రక్షణ లేదు, మరుగుదొడ్డి లేదు, శబ్దం బయటికి పోకుండా కట్టలేదు, నమోదు లేదు. మసీదులకూ ఇదే వర్తించింది. నిబంధనలు పేద సంఘాలకు మోయలేనంత బరువన్న మాట నిజం, అది అనవలసిందే. కానీ 200 మంది కూర్చునే చోట ఒక్క మరుగుదొడ్డి కూడా లేకపోవడాన్ని మనం సమర్థించలేం.

కెన్యాలో కథ వేరు. అక్కడ 2014లో కొత్త మత సంస్థల నమోదు ఆపేశారు, 2016లో కఠిన నిబంధనలు తేబోయి సంఘాల వ్యతిరేకతతో వెనక్కి తగ్గారు. తర్వాత 2023 ఏప్రిల్‌లో కిలిఫీ కౌంటీ షకహోలా అడవి ఉదంతం బయటపడింది. ఆకలితో చనిపోతే యేసును కలుస్తారని ఒక పాస్టర్ చెప్పారన్న ఆరోపణ, 400కు పైగా శవాలు, అందులో పిల్లలు. దాని తర్వాత అక్కడ ఏ కొత్త పాస్టర్‌నైనా ఇంటి యజమాని, ఏరియా చీఫ్, పోలీసు ముగ్గురూ ప్రశ్నలు అడుగుతారు. అడగాలి కూడా.

పని చేసేవాళ్ళు కాగితం మీద రాసి గోడకు అంటించాల్సినవి కొన్నున్నాయి. పిల్లలకు, గర్భిణులకు, మందులు వాడేవాళ్ళకు ఉపవాసం పెట్టకూడదు. స్వస్థత ప్రార్థన చేశాక హెచ్‌ఐవీ మందు గానీ, టీబీ మందు గానీ, షుగర్ మందు గానీ ఆపమని ఎవరూ చెప్పకూడదు. పిల్లల క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. నమోదు విషయంలో, కొత్త సంఘం మొదట ఇప్పటికే నమోదైన డినామినేషన్ కింద నడవడం మంచిది. పైన అడిగేవాడు ఒకడుంటాడు.

ప్రశ్న: పెద్ద మైదానంలో మూడు రోజుల సువార్త సభలు పెడితే త్వరగా సంఘం ఏర్పడదా?
ఒక సోదరుడు, వరంగల్

ఏర్పడదు. చేతులెత్తినవాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకుని మూడు రోజుల లోపు ఫోన్ చేస్తే సగంమంది దొరుకుతారు, మూడు వారాలాగితే సిమ్ మారిపోతుంది, గది మారిపోతుంది. సభలకు పెట్టే ఖర్చుతో ఒక సువార్తికుడు ఆ పేటలో ఏడాది అద్దె కట్టుకుని ఉండగలడు.

ప్రశ్న: ఏ భాషలో ఆరాధన జరపాలి? కికుయు, లువో, కంబా అని తెగల వారీగా పెడితే జనం తేలిగ్గా వస్తారంటున్నారు.
ఒక సహోదరి, నెల్లూరు

వస్తారు, అదే ప్రమాదం. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత తెగల మధ్య హింస చెలరేగి, 2008 జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియాంబా అనే ఊళ్ళో ప్రాణభయంతో మందిరంలో దాక్కున్నవాళ్ళను లోపలే ఉంచి తగలబెట్టారు. దేశంలో అది ఎవరూ మరిచిపోలేదు. నగరంలో ప్రధాన ఆరాధన స్వాహిలిలో ఉండాలి. చదువుకున్న పేటల్లో ఇంగ్లిష్ కలపవచ్చు. కుర్రాళ్ళు మాట్లాడేది షెంగ్, అంటే స్వాహిలి, ఇంగ్లిష్, తెగల మాటలు కలిసిన వీధి భాష. దాన్ని పాస్టర్ గారు ప్రయత్నిస్తే నవ్వులపాలవుతారు, కుర్రాళ్ళకే వదిలేయాలి. మాతృభాష ప్రార్థన పెద్దవాళ్ళకు నెలకొకసారి పెట్టుకోవచ్చు.

ఇంటి కూడికలను పేట చూసి చేయండి, తెగ చూసి కాదు. తూర్పు ఆఫ్రికా కాథలిక్కులు 1973 నుంచి నడుపుతున్న జుముయియా అనే చిన్న గుంపులు ఇలా ఇరుగుపొరుగు ప్రకారమే ఉంటాయి. సంఘ పెద్దల్లో, ముఖ్యంగా డబ్బు లెక్కపెట్టే ముగ్గురిలో, ఒకే తెగవాళ్ళు ఇద్దరు ఉండకుండా చూడండి.

ప్రశ్న: మా సంఘం అక్కడి సువార్తికుడికి జీతం పంపుతోంది. ఎంతకాలం పంపాలి?
సంఘ కోశాధికారి, ఒంగోలు

36 నెలలు, తగ్గిస్తూ. మొదటి ఏడాది జీతంలో 60 శాతం మీరు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 20. ఈ సంగతి మొదటి నెలలోనే అక్కడి సంఘమంతటికీ చదివి వినిపించాలి, సువార్తికుడి చెవిలో కాదు. నూటికి నూరు పంపితే అక్కడివాళ్ళు కానుక వేయరు. ‘ఇండియా వాళ్ళు చూసుకుంటారులే’ అంటారు, అనడంలో తప్పేముంది?

పేబిల్‌లో అకౌంట్ నంబరు గడి ఉంటుంది, అక్కడ దశమభాగానికి ‘జకా’ అని, కానుకకు ‘సదకా’ అని, మందిర నిర్మాణానికి ‘ఉజెంజి’ అని వేయమంటే మూడు పద్దులూ వాటంతటవే విడిపోతాయి. నగదును బంధుత్వం లేని ముగ్గురు లెక్కపెట్టి సంతకాలు పెట్టాలి, మొత్తం వచ్చే ఆదివారం చదవాలి. మీకు పంపే నివేదికలో జీతం రసీదు కంటే ఈ స్థానిక కానుకల అంకె ముఖ్యం. ఏడాదంతా అది కదలకపోతే రెండో ఏడాది డబ్బు పంపే ముందు మాట్లాడాలి.

ప్రశ్న: నైరోబీలో పదిహేను తెలుగు కుటుంబాలం ఉన్నాం. తెలుగు సంఘం పెట్టుకుందామని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?
ఒక గృహిణి, పార్క్‌లాండ్స్, నైరోబీ

ఆఫ్రికాలో తెలుగు సంఘం కొత్త ఆలోచన కాదమ్మా. చెరకు తోటల కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళిన మనవాళ్ళ కోసం తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం మొదలైంది. తెల్లదొరల డబ్బుతో కాకుండా మన సంఘాల కానుకలతో సముద్రం దాటిన సేవ అది. ఆ సంఘాలు నిలిచాయి, కానీ తరాలు మారేసరికి పిల్లలకు తెలుగు పోయి ఆరాధన ఇంగ్లిష్‌లోకి మారింది. మీ పదిహేను ఇళ్ళలోనూ పిల్లలు ఇప్పటికే ఇంగ్లిష్, స్వాహిలిల్లో ఆడుకుంటూ ఉండి ఉంటారు.

అందుకని ప్రతి ఆదివారం ఎవరి పేటలోని కెన్యా సంఘానికి వాళ్ళు వెళ్ళండి, సభ్యత్వం అక్కడే తీసుకోండి. తెలుగు కూడిక నెలకొకసారి, మూడో శనివారం సాయంత్రం నాలుగింటికి, ఇళ్ళ వంతున. గంటన్నరకు మించకుండా, ఒక్కోసారి నాలుగు కీర్తనలు. తెలుగు చదవలేని పిల్లల కోసం పాటల మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ప్రింటు తీయించండి. వంట ఆ ఇంటివాళ్ళొక్కరి మీదే పడకుండా తలా ఒకటి తెచ్చుకోండి. ఇంటి యజమానులు మారి, ఉద్యోగాలు మారి ఏటా మూడు నాలుగు కుటుంబాలు వెళ్ళిపోతుంటాయి, కాబట్టి వాట్సాప్ గ్రూపుకు ఎప్పుడూ ఇద్దరు అడ్మిన్లు ఉండాలి.